శిశువుల బూస్టరు టీకాల కాలనియమము
(మునిసిపల్, మండలాధికారుల యుపయోగార్థము)

1. శైశవమున మూడు మారులు టీకా వేయించినతోడనే బిడ్డకు జీవితాంతము రక్షణ కలిగెనని పెక్కుమంది తల్లిదండ్రులు తలంచుచున్నారు. ఇది పొరపాటు. పూర్వము మశూచికపు టీకాను సయితము కొన్ని యేండ్లకు మరల వేయుచుండిరి.

2. సార్వత్రిక టీకా కార్యక్రమము మన దేశమున 1985 లో ఆరంభమయ్యెను. ఇప్పటి నియమము ననుసరించి 6, 10, 14 వారముల వయస్సున పెంటావాలెంటు టీకా వేయుదురు. డిఫ్తీరియా యను కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతము ఇందు చేరియున్నవి. ఈ మూటికి డి.పి.టి. బూస్టరు 16 మొదలు 24 నెలలలోపల నొకటియు, 5 మొదలు 6 సంవత్సరములలో నింకొకటియు వేయవలెను. 10, 16 సంవత్సరముల వయస్సున టి.డి. టీకా వేయవలెను.

3. మొదటి టీకాలు దేహమునకు రోగవిషమును గుర్తించుట నేర్పును. అట్లు కలిగిన శక్తి క్రమముగా క్షీణించును. బూస్టరు ఆ జ్ఞాపకమును మేల్కొలిపి శక్తిని శీఘ్రముగ హెచ్చించును. మూడవ టీకాకును మొదటి బూస్టరుకును ఆరు మాసములైనను ఎడముండవలెను. మిక్కిలి జాగు చేసినచో బడియీడు బిడ్డ రక్షణ లేక మిగులును. కంఠసర్పి గొంతున పొరకట్టి ఊపిరి నడ్డగించును; దాని విషము గుండెను చెఱచును. ధనుర్వాతము మనుష్యునినుండి మనుష్యునకు అంటునది కాదు. కావున ఇరుగుపొరుగువారి టీకాలు దానినుండి బిడ్డను కాపాడజాలవు.

4. తట్టు, రుబెల్లా టీకా సంగతి వేరు. తొమ్మిది నెలలకు వేసిన మొదటి టీకా తట్టు విషయమున నూటికి సుమారు 85 మంది శిశువులకే పట్టును. మిగిలినవారి నిమిత్తమే 16 మొదలు 24 నెలలలోపల రెండవది.

5. గడువు మీరినంతమాత్రమున టీకాలు మొదటినుండి మరల ఆరంభింప నక్కఱలేదు, ఆగినచోటనుండి సాగింపవలెను. డి.పి.టి. ఏడేండ్లవఱకు వేయవచ్చును, అటుపిమ్మట టి.డి. వేయవలెను.

6. జంషెడ్పూరున బిర్సానగర్ వంటి పేటలలో కాపురమున్న తెలుగు కుటుంబములను గూర్చి ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. తొలి పురుడు పుట్టింట జరుగుట మనవారి యాచారము. బిడ్డకు తొలి టీకాలు శ్రీకాకుళము జిల్లాలో పడినచో, బూస్టరు తూర్పు సింగ్‌భూము జిల్లాలో పడవలసివచ్చును. అక్కడి పట్టీలో "ఊరు విడిచిరి" అని వ్రాయుదురు. ఇక్కడి పట్టీలో పేరే యుండదు. రెండు పట్టీల నడుమ బిడ్డ జాఱిపోవును. కాలనియమము రెండు రాష్ట్రములకు నొక్కటియే. టీకా రెండుచోట్లను ఉచితమే.

7. కావున అధికారులు, ఊరు విడుచు తల్లికి టీకా కార్డు నిచ్చి, తరువాతి టీకా తేదీని దానిపై వ్రాయించవలెను. క్రొత్తగా వచ్చిన కుటుంబముల బిడ్డలను వెంటనే పట్టీ కెక్కించవలెను. బడిలో చేర్చునపుడు కార్డు చూచి, బూస్టరు పడని బిడ్డను టీకా కేంద్రమునకు పంపవలెను. కార్డు లేదను కారణమున ఏ బిడ్డను త్రిప్పి పంపరాదు.