కామురొచో మ్యాప్ బుర్రలో పెట్టుకుని కబుకిచోలో నడిస్తే ఏమైందంటే

బీటెక్‌లో నేనూ నా రూమ్మేటూ యకుజా 0 ఎంత ఆడామంటే, మా కాలేజీ ఊరి సందులకన్నా కామురొచో సందులే మాకు బాగా గుర్తు. పోయిన నవంబర్‌లో ఆఫీస్ పని మీద రెండు వారాలు టోక్యో వెళ్లా. ఖాళీ దొరికింది ఒకే ఒక్క ఆదివారం సాయంత్రం. అందులో మొదటి గంట నా తెలివితక్కువతనం వల్లే పోయింది. మీకు అలా కాకూడదని ఇది రాస్తున్నా.

కామురొచో అనే పేరు కల్పితం. దాని అసలు చోటు షింజుకు స్టేషన్ ఈస్ట్ ఎగ్జిట్ నుంచి ఐదు నిమిషాల నడకలో ఉండే కబుకిచో. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కబుకి నాటకశాల కడదామనుకుని 1948లో ఆ పేరు పెట్టారు. నాటకశాల రాలేదు, పేరు మాత్రం ఉండిపోయింది.

యాసుకుని రోడ్డు దాటగానే ఎర్ర లైట్ల గేట్ కనిపిస్తుంది. బోర్డు మీద కబుకిచో ఇచిబన్‌గై అని ఉంటుంది, గేమ్‌లో ఇదే తెన్‌కైచి స్ట్రీట్. ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు. గేమ్‌లో సొంత పేరుతోనే కనిపించే డాన్ కిహోటే షాపు కూడా ఆ పక్కనే.

ఇక ఇబ్బంది మొదలైంది. గూగుల్ మై మ్యాప్స్‌లో ముందే పిన్లు పెట్టుకున్నా, కానీ ఆ టైమ్‌కి నా ఈసిమ్‌లో డేటా రాలేదు. మై మ్యాప్స్‌కి నెట్ కావాలి కదా, స్క్రీన్ మీద పిన్లే లేవు. సరే, గేమ్ గుర్తుంది కదా అని నడిచా. అక్కడే తప్పు చేశా. గేమ్‌లో దిక్కులు చాలావరకు కరెక్టే, దూరాలే కుదించేశారు. పైగా 1988 డిసెంబర్ నాటి వీధుల్ని 2015లో వచ్చిన గేమ్‌లో చూసి, ఇప్పటి ఊళ్లో వెతుకుతున్నా. థియేటర్ స్క్వేర్‌కి మూలమైన చోట ఉండే కోమా థియేటర్ 2008 చివర్లోనే మూతపడింది. ఇప్పుడక్కడ 2015లో కట్టిన తోహో బిల్డింగ్, దాని మీద గాడ్జిల్లా తల. గేమ్‌లోని మిలీనియం టవర్‌ నిజంగా లేదు. కానీ 2023లో ఆ పక్కనే 48 అంతస్తుల తోక్యు కబుకిచో టవర్ లేచింది. గేమ్ చూసి కట్టారేమో అనిపించింది!

దారి తెలియక నిలబడితే ఒకతను వచ్చి ఇంగ్లిష్‌లో 'చీప్ డ్రింక్స్, కమ్ కమ్' అంటూ వెంటపడ్డాడు. గేమ్‌లో అయితే కిర్యూ పక్కనున్న సైకిల్ ఎత్తి కొట్టేవాడు. నేను తల దించుకుని వేగంగా నడిచా. ఇలాంటివాళ్ల వెంట వెళ్లొద్దని అక్కడ లౌడ్‌స్పీకర్లలో చెబుతూనే ఉంటారు. వెళ్తే బిల్లు వేలల్లో కాదు, లక్షల యెన్లలో చేతిలో పెట్టిన సందర్భాలున్నాయి. ఫోన్ వైపు చూస్తూ బిక్కమొహంతో నిలబడితే వాళ్లకి ఇట్టే దొరికిపోతాం. అందుకే మ్యాప్ పక్కాగా ఉండాలి.

ఒక కాఫీ షాప్ వైఫైలో కూర్చుని ల్యాప్‌టాప్‌లో మై మ్యాప్స్ మెనూ నుంచి కేఎంఎల్ ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేశా. ఫోన్‌లో ఆర్గానిక్ మ్యాప్స్ వేసి, టోక్యో మ్యాప్ డౌన్‌లోడ్ చేసి, ఆ ఫైల్ తెరిచా. పిన్లన్నీ వచ్చేశాయి, నెట్‌తో పనిలేదు. ఈ పని ఇంట్లోనే చేసుకెళ్లండి. ఇంకోటి, ప్రతి పిన్ ఉన్న చోట గేమ్‌లో నిలబడి స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ గ్యాలరీలో ఉంచుకోండి. అసలు వీధిలో అదే కోణం వెతకడమే ఈ నడకలో సగం మజా.

నీలం చుక్క మాత్రం అప్పటికీ పక్క సందులో గెంతుతూనే ఉంది. ఎత్తైన బిల్డింగుల మధ్య శాటిలైట్ సిగ్నల్ గోడలకి తగిలి ఆలస్యంగా వస్తుంది, ఫోన్ దూరం తప్పుగా లెక్కేస్తుంది. నా పాత ఫోన్‌లో ఉన్నది ఎల్1 బ్యాండ్ ఒక్కటే. ఎల్5 కూడా ఉన్న డ్యూయల్ ఫ్రీక్వెన్సీ ఫోన్లు ఇక్కడ మెరుగ్గా పనిచేస్తాయి. 2018లో షావోమీ ఎంఐ 8తో మొదలైన ఫీచర్ ఇది. మన నావిక్ లాగే జపాన్‌కి క్యూజెడ్ఎస్ఎస్ ఉంది. దాని శాటిలైట్లలో కనీసం ఒకటి ఎప్పుడూ దాదాపు నెత్తిమీదే ఉండేలా కక్ష్యలు పెట్టారు, సరిగ్గా ఇలాంటి ఇరుకు వీధుల కోసమే. ఫోన్ కొనేముందు స్పెక్స్‌లో ఆ పేరు ఉందో లేదో చూస్కోండి.

తర్వాత గోల్డెన్ గై. గేమ్‌లో ఛాంపియన్ డిస్ట్రిక్ట్. ఆరు సన్న సందుల్లో 200కి పైగా బుల్లి బార్లు, కొన్నింట్లో ఆరేడుగురు కూర్చుంటే నిండిపోతాయి. అక్కడ ఫోటోలకి అనుమతి అడగాలి. నేను ఫోన్ జేబులో పెట్టేశా. నిజం చెప్పాలంటే గేమ్‌కి అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది ఈ చోటే.

పర్సోనా 5 ఆడినవాళ్లకి ఇంకో దారి ఉంది. షిబుయా నుంచి డెన్-ఎన్-తోషి లైన్‌లో రెండో స్టాప్ సంగెన్‌జాయా. శాన్ అంటే మూడు, యోన్ అంటే నాలుగు. అలా మార్చి యోన్‌గెన్‌జాయా చేశారు. అక్కడ జనం కాపురముండే ఇళ్లున్నాయి, కెమెరా కిటికీల వైపు తిప్పకండి.

చివరి పిన్ షింజుకు బ్యాటింగ్ సెంటర్, అంటే గేమ్‌లోని యోషిదా. అక్కడి వైఫై దొరకగానే రూమ్మేట్‌కి వీడియో కాల్ చేశా. వాడికి మధ్యాహ్నం మూడున్నర, నిద్రలోంచి లేచాడు. "రేయ్ మామా, అది నిజంగా ఉందా!" అన్నాడు. నేను వరసగా బంతులన్నీ మిస్సయ్యా. గేమ్‌లో కూడా నువ్వింతే కదరా అని వాడు నవ్వుతుంటే బ్యాటరీ అయిపోయి కాల్ కట్టయింది. పవర్ బ్యాంక్ హోటల్లో మర్చిపోయా మరి.