గెలిచినా చేతికి రాని పందెం

సంక్రాంతి దాటితే గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు పోటెత్తుతాయి. పత్తి డబ్బు, మిర్చి డబ్బు నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు ప్రాంతాల ఇళ్లకు చేరే నెలల్లోనే సాధారణంగా ఐపీఎల్ పోటీలూ వస్తాయి. 2008 నుంచీ ఇదే వరస. కౌలు కట్టాల్సిన డబ్బు, పురుగుమందుల కొట్టు బాకీ తీర్చాల్సిన డబ్బు ఒక్క ఓవరు మీదికి ఎలా వెళుతుందో మన సంఘాల్లో తెలియనివారు తక్కువ.

ఓడినవారి గోడు అందరం వింటూనే ఉంటాం. గెలిచినవారి గోడే బయటికి రాదు. పందెం గెలిచామనీ, బుకీ ఫోను ఎత్తడం లేదనీ, ఆ డబ్బు వచ్చేలా ప్రార్థన చేయమనీ మమ్మల్ని అడిగినవారున్నారు. వస్తే దశమభాగం ఇస్తామంటారు కూడా! యూదా పారవేసిన ముప్పై వెండి నాణేలను కానుకల పెట్టెలో వేయడానికి ఆ ప్రధాన యాజకులే ఒప్పుకోలేదు, మేమెలా ఒప్పుకుంటాం?

ఆ డబ్బును ఏ కోర్టూ ఇప్పించదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము కోసం దావా వేసే వీలూ లేదు. పోలీసు స్టేషనుకు వెళదామంటే, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద ఫిర్యాదు చేసినవాడే ముద్దాయి కావచ్చు. 2020లో ఆన్‌లైన్ పందేలను కూడా రాష్ట్రం ఆ చట్టం కిందికి తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు వేరే చట్టమే చేసింది.

ఇక్కడొక అన్యాయం గమనించాలి. గెలిచినవాడి చేతిలో కాగితం ఉండదు. ఓడినవాడి చేత మాత్రం ప్రోనోటు రాయించుకుంటారు. పందెం బాకీకి రాసిన నోటు కూడా పందెం లాగే చెల్లదు. అయితే నోటు మీద ఆ మాట ఉండదు, చేబదులు అనే ఉంటుంది. సంతకం ఉంటే డబ్బు ముట్టిందనే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం మొదట భావిస్తుంది. ముట్టలేదని రుజువు చేసుకోవలసిన భారం సంతకం పెట్టినవాడిదే.

ఇక సెల్‌ఫోనులోని యాప్ సంగతి. తెర మీద లక్ష కనిపిస్తుంది. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటారు, కడితే ఇంకేదో రుసుము అంటారు. ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 30 శాతం పన్నును చెల్లించేవారే మినహాయించుకోవాలని 2023 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. గెలిచినవాడిని ఎదురు కట్టమనడం మోసం. అలా కట్టినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి.

పరిశుద్ధ గ్రంథంలో వసూలైన పందెం ఒకటుంది. న్యాయాధిపతుల గ్రంథం 14, 15 అధ్యాయాలు చదవండి. సమ్సోను తన పెళ్లి విందులో ముప్పై మందికి విప్పుడు కథ వేసి, ముప్పై నారబట్టలు, ముప్పై జతల దుస్తులు పందెం కాశాడు. వాళ్లు పెళ్లికూతురిని ఇంటితో సహా కాల్చేస్తామని బెదిరించి జవాబు రాబట్టారు. సమ్సోను అష్కెలోనుకు వెళ్లి, ముప్పై మందిని చంపి, వారి బట్టలు తెచ్చి ఇచ్చాడు. గెలిచినవారికి ముట్టినవి చచ్చినవాళ్ల బట్టలు. ఆ అమ్మాయినీ ఆమె తండ్రినీ చివరకు ఫిలిష్తీయులు కాల్చే చంపారు. పందెంలో ఆమె ఏమీ కాయలేదు.

మన ఊళ్లలోనూ చాలా ఇళ్లలో నోటు సంగతి భార్యకు తెలిసేది కోర్టు సమను వచ్చాకే. అమ్మా, ఆ సమనును పెట్టెలో దాచవద్దు. వాయిదాకు ఎవరూ వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద, ఆదాయంతో పని లేకుండా, స్త్రీలకు ఉచితంగా వకీలును ఇస్తారు. మీ పేరు కూడా ఆ సమనులో ఉంటే గుంటూరులో గానీ ఒంగోలులో గానీ కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఎక్కడని అడగండి. తోడు కావాలంటే మీ కాపరిని రమ్మనండి, వస్తారు.