చందమామ కత్తివీరులు



మిర్చి వచ్చు దినములలో మా ఎనుమాములకు విచ్చేసిన చుట్టములు ముందు తుమ్ముదురు, ఆ పిమ్మటనే పలుకరింతురు. ఇచ్చటి వ్యవసాయ మార్కెట్టు ఆసియా ఖండమున మిక్కిలి పెద్దవానిలో నొకటిగా పేరొందినది. మిర్చిబస్తాలు, పత్తి బోరెములు కొండలవలె పేర్చియుండును. మా యిల్లు ఆ మార్కెట్టునకు చేరువనే యున్నది. మావారు బడిపంతులు. గడచిన వేసవిలో మా పెరటియందు జరిగిన యొక చిన్న యుద్ధమును, దానికి కారకులని నిందవడిన కొందఱు వీరులను గూర్చి మీకు విన్నవింపదలచితిని.

మా మామగారు కూడబెట్టిన చందమామ సంపుటములు మా యింట కొన్ని యున్నవి. సంవత్సరమునకొకటిగా అట్టవేసి కుట్టించినవి. మా అమ్మాయికి పదియేండ్లు, పిల్లవానికి ఏడు. వేసవి సెలవులలో వారికి ఆ సంపుటములే లోకమైనవి. ఒకనాటి మధ్యాహ్నము పెద్దలందఱును కునుకుతీయుచుండగా, గిన్నెమూతలు డాళ్లుగను, పత్తికట్టెలు కత్తులుగను బూని యిరువురును తలపడిరి. అమ్మాయి యక్షపర్వత కథలోని ఖడ్గవర్మ, తమ్ముడు రాక్షసుడు. రాక్షసుని కనుబొమ చిట్లి మూడు కుట్లు పడినవి. వ్రేలెడు క్రిందికి దిగియుండిన కన్నే పోవలసినది. ఆనాటి రాత్రి మా అత్తగారు ఒక్క మాట యనిరి: "ఆ పుస్తకాలు అటకెక్కించవే." నేనును మాఱుమాటాడక ఎక్కించితిని.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. మా నాయనగారు నాకు ఇంటనే భారత భాగవతములు చెప్పిరి. అభిమన్యుని మరణమును, కీచకుని వధను నేను పదియేండ్లకే చదివితిని. అప్పుడెవ్వరును ఆ గ్రంథములను అటకపై బెట్టలేదు. మఱి వీనికి మాత్రమీ శిక్ష యేల? చదివి తీర్పు చెప్పుట యొకటి, తీర్పు చెప్పి చదువుట యొకటి. చిన్ననాడు నేనును ఈ కథలను చదివితిని గాని, తల్లినై చదువలేదు. కావున నిచ్చెన వేసి, ఆ సంపుటములను రహస్యముగా దింపి, పది పదునైదు రాత్రులు చదివితిని.

చందమామ మదరాసునుండి 1947 జూలైలో వెలువడ నారంభించెను. స్థాపకులు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 మొదలుకొని 1980లో కన్నుమూయు వఱకు దాని సంపాదకత్వ భారమును వహించిరి. ఆ పత్రికలోని కత్తివీరులలో మొదటివాడు మీకందఱకును తెలిసినవాడే. భుజముపై శవము, చేత ఖడ్గము, చుట్టును శ్మశానము. ఆ విక్రమార్కుని బొమ్మను గీసినవారు శంకర్ గారు. పాత గ్రంథములోని యిరువది యైదు బేతాళకథలు ముగిసిన పిమ్మటను, క్రొత్త కథలు కల్పించి దశాబ్దములు నడపిరి. అన్ని సంవత్సరములలోను ఆ ఖడ్గము ఒరనుండి పైకి వచ్చినదే కాని యెవ్వని మెడమీదను పడినట్లు నాకు కానరాలేదు. విక్రమార్కుని పని ప్రశ్నకు సమాధానము చెప్పుటయే. శంకర్ గారు 2020లో తొంబదియాఱేండ్ల వయసున స్వర్గస్థులైరి.

మా పిల్లలను కట్టెలు పట్టించినవాడు మాత్రము విక్రమార్కుడు కాడు. 1954లో "తోకచుక్క" అను ధారావాహిక మొదలైనది. దాని వెంబడి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూకమాంత్రికుడు అని మొత్తము పండ్రెండు వచ్చినవి. ఇవియన్నియు ఒక్కచేతి వ్రాతలే. ఆ చేయి గుంటూరు మండలమువారైన దాసరి సుబ్రహ్మణ్యముగారిది. చందమామ కార్యాలయమున వారు అర్ధశతాబ్దికి పైగా కొలువుచేసిరి. అయినను ఆ కథలపై వారి పేరు అచ్చుపడలేదు. నేను బాల్యమున వీనిని చదువునప్పుడు వ్రాసినవారెవ్వరని యడుగనైన లేదు. వంట రుచిగా నున్నప్పుడు వండినదెవ్వరని యెవ్వరడుగుదురు? ఆ బాధ మనకు క్రొత్తది కాదు. వారు 2010లో కాలధర్మము చెందిరి. కథలు వారి పేరుతో పుస్తకములుగా చదువరుల చేతికి రావలసివచ్చినది ఆ తరువాతనే. అన్ని భూతములను, మాంత్రికులను సృష్టించిన ఆ మహాశయుడు వామపక్ష భావములు గలవాడట! చదువునప్పుడు నేనీ సంగతి మఱచిపోలేకపోయితిని.

ఈ కథల నిర్మాణమును గమనింపుడు. వీరుడు ఒంటరిగా నుండుట యరుదు. ఇద్దఱు స్నేహితులు జంటగా బయలుదేరుదురు. శిథిలాలయమున శిఖిముఖి, విక్రమకేసరి. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లుడు. మాయాసరోవరమున జయశీలుడు, సిద్ధసాధకుడు. యక్షపర్వతమున ఖడ్గవర్మకు తోడు మంత్రదండము గల జీవదత్తుడు. ఒకనికి భుజబలము, ఒకనికి యుక్తి. ఒకడు తొందరపడిన రెండవవాడు ఆపును. ప్రతి మాసమును కథ యొక ప్రాణాపాయమువద్ద ఆగును. చదువరి ముప్పది దినములు ఊపిరి బిగబట్టి యుండవలసినదే.

తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రుడు అని యిద్దఱు మాంత్రికులున్నారు. ఒకనికి కాలభుజంగుడు, కంకాళుడు సేవకులు. మఱియొకనికి గుడ్లగూబ, నరవానరుడు. వారి బద్ధవైరము నడుమ సమరసేనుడు చిక్కుకొని, కత్తితో కంటె ఓర్పుతోను యుక్తితోను బయటపడుచుండును. నేను మరల చదువునప్పుడు లెక్కపెట్టినట్లుగా చూచితిని. ఈ కథలలో దుష్టులలో ననేకులు వీరుని కత్తికి గాక తమ దురాశకే బలియగుదురు. ఇది పిల్లలకు చెడుపాఠమని నేననజాలను.

ఇక బొమ్మలు. ఈ ధారావాహికలకు ప్రాణము పోసినవారు "చిత్రా" అను పేర గీసిన రాఘవన్ గారు. వారు తమిళులు. రాక్షసుని కోఱలు, ఎలుగుబంటి తోళ్లు, కొండచఱియలమీద వ్రేలాడు వీరుల ఒడలి వంపు, అన్నియు కదలుచున్నట్లే యుండును. మా పిల్లవాడు చదువుట రాని వయస్సున బొమ్మలతోనే కథ అల్లుకొనెడివాడు. 1978లో చిత్రాగారు మరణించిరి. ఆ దశాబ్దముతోనే ఈ వీరకథల కాలమును గడచిపోయినది. చందమామ పండ్రెండుకు పైగా భాషలలో వెలిగి, 2007లో చేతులు మాఱి, 2013 నాటికి నిలిచిపోయినది.

బొమ్మలతో వీరగాథ చెప్పుట మదరాసులో పుట్టిన విద్య యని మాత్రము తలపకుడు. మా ఓరుగంటి వీధులను వర్ణించిన క్రీడాభిరామమున పలనాటి వీరుల బొమ్మలు వ్రాసియుంచిన గద్దెపలక ప్రసక్తి యున్నది. ఆ వీరుల కథను పాడు స్త్రీయు నున్నది. (ఆ కావ్యమునందలి కొన్ని పుటలను మా నాయనగారు రెండేసి చొప్పున త్రిప్పివేసిరి. కారణము పెండ్లియైన తరువాతగాని నాకు తెలియలేదు.) పూర్వము మా వరంగల్లు జిల్లాలోనిదై, 2016 నుండి సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాలయందు నకాషీవారు నేటికిని పటములు వ్రాయుచున్నారు. నూలుగుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పూసి గట్టిపఱచి, ఎఱ్ఱని నేలపై వరుస వరుసగా గళ్లు చేసి కథను చిత్రింతురు. మూడడుగుల వెడల్పున నలువది, ఏబది అడుగుల పొడవు గల పటములుండెడివి. కాకిపడగలవారు దానిని విప్పుచు, కఱ్ఱతో చూపుచు, పాండవుల కథను రాత్రులు తరబడి చెప్పెడివారు. ఒక గడి తరువాత నొక గడి, నేడిది, రేపది. చందమామ ధారావాహికకు ఇదిగాక పూర్వజుడెవ్వడు?

తల్లుల భయమును క్రొత్తది కాదు. మనకు తోకచుక్క మొదలైన ఆ 1954వ సంవత్సరముననే అమెరికాలో బొమ్మలకథల పుస్తకములు పిల్లలను పాడుచేయుచున్నవని సెనేటు విచారణ జరిగి, ప్రచురణకర్తలు తమకు తామే కట్టుబాట్లు విధించుకొనిరి. హాంగుకాంగులో 1970లో పుట్టిన ముష్టియుద్ధ వీరుల బొమ్మలకథలు వీథిపిల్లలను కొట్లాటలకు పురికొల్పుచున్నవని గగ్గోలు పుట్టగా, 1975లో చట్టమే తెచ్చిరి. మా అత్తగారికి ఈ సంగతులేవియు తెలియవు. అయినను ఆమె మాట వారి మాటయే.

నేను సంపుటములు దింపిన సంగతి యొకనాటి యుదయమున బయటపడినది. అత్తగారి యెదుట నిలిచి తప్పొప్పుకొంటిని. పిమ్మట నా మనసులో నున్నది చెప్పితిని: దెబ్బ తగిలినది పుస్తకమువలన గాదు, పిల్లలను విడిచి మనము నిదురించుటవలన. ఆమె చాలసేపు పలుకలేదు. ఆ మాట ఆమెకును తగిలినది, నాకును తగిలినది.

నాకు నిజముగా తోచిన లోపము వేఱొకటి. ఆ లోపమును చూపినది మా అమ్మాయియే. పండ్రెండు కథలలోను కత్తి పట్టి ముందు నడచువారందఱును మగవారేయట. రాజకుమార్తెలు ఎవరో వచ్చి విడిపించువఱకు ఎదురుచూచుచుందురట. "అమ్మా, రుద్రమదేవి మన ఊరిదే కదా, ఆమెను ఎందుకు పెట్టలేదు?" అని యడిగినది. సుబ్రహ్మణ్యముగారే యుండిన నేమనియుండెదరో గాని, నేను జవాబు చెప్పలేక కూరగాయలు తరుగుట కొనసాగించితిని. మాకు నాలుగు క్రోసుల లోపలనే కోట. అందు ఆమె యేలిన నేల. మఱునాటి సాయంకాలము పిల్లలిద్దఱను కోటకు తీసికొనిపోయి, నాలుగు తోరణములను చూపి, నాకు తెలిసినంత చెప్పితిని. పిల్లవాడు ఐసుక్రీము కావలెనని యేడ్చినందున సగము చెప్పకయే మరలితిమి.

ఇప్పుడు మా యింట కట్టుబాటు ఇది. కట్టెలు పెరటిలో చేరరాదు. గిన్నెమూతలు వంటింటికే చెందును. రాత్రి భోజనములైన పిమ్మట దీపముక్రింద నేను ఒక్క భాగము మాత్రమే బిగ్గరగా చదువుదును, ఎంత బ్రతిమాలినను రెండవది చదువను. తోకచుక్కతో మొదలిడితిమి. మొదటి రెండు రాత్రులు అత్తగారు గోడవైపు తిరిగి పండుకొనిరి. నిన్న నేను పుస్తకము మూయగానే చీకటిలోనుండి ప్రశ్న వచ్చినది: "ఆ ఒంటికంటివాడు వాళ్లను చూసినట్టేనా, లేదా?" రేపు చదువుదునంటిని. అమ్మాయి నవ్వినది.