ఎరవు పుస్తకమా, సొంత పుస్తకమా?

ఈ దినం ఒక ఇంటి విషయం మాట్లాడుకుందాం. మగ్గం మీద బతికే కుటుంబం. పుస్తకాలకని నెలకు నూరు రూపాయలు మిగిలితే అదే ఎక్కువ. ఆ డబ్బుతో పాత పుస్తకాలు కొని ఇంట్లో పోగుచేయాలా, లేక అడిగి తెచ్చుకొని చదివి తిరిగి ఇచ్చేయాలా?

రాజోలిలో ఈ మాట ఎత్తితే 2009 అక్టోబరు గుర్తుకొస్తుంది. తుంగభద్ర పొంగి ఊరి మీదికి వచ్చింది. ఇళ్లు కూలాయి, మగ్గాలు నీట మునిగాయి. అంతటి నీటిలో కాగితం ఏపాటి? అందుకే పుస్తకాలు కూడబెట్టడం దండుగ అనేవారు ఉంటారు. నేను ఒప్పుకోను. ఎరవు తెచ్చినది నీటిపాలైతే బాధ ఇంకా పెద్దది. రెండవ రాజుల గ్రంథం ఆరవ అధ్యాయం చూడండి. యొర్దాను ఒడ్డున చెట్టు నరుకుతుండగా గొడ్డలి ఊడి నీళ్లలో పడితే, ఆ శిష్యుడు అది ఎరవు తెచ్చినదని మొరపెట్టాడు. తనదే అయితే అంత కేక వేసేవాడా?

మరి ఏది కొనాలి? మళ్లీ మళ్లీ తెరిచేది కొనండి. బైబిలు, పాటల పుస్తకం, నిఘంటువు, పిల్లలు పెన్సిలుతో గీతలు పెట్టుకొని చదివే పుస్తకం. ఎరవు పుస్తకంలో గీత గీయలేము కదా! ఒక్కసారి చదివి మూసేసే కథలు, జీవిత చరిత్రలు ఎరవు తెచ్చుకుంటే చాలు.

పోటీ పరీక్షల పాత గైడ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. చవకగా దొరుకుతాయి, నిజమే. కాని 2014కు ముందు అచ్చయిన గైడు రాజోలిని ఆంధ్రప్రదేశ్‌లో చూపుతుంది. 2016 అక్టోబరుకు ముందుదైతే మహబూబ్‌నగర్ జిల్లా అంటుంది. ఇప్పుడు మనది జోగులాంబ గద్వాల జిల్లా. పిల్లవాడు పాత జవాబు రాసివస్తే, మిగిలిన పది రూపాయలు ఎందుకు?

హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, కోఠి దుకాణాల్లో పాత పుస్తకాలు దొరుకుతాయి. అయితే పుస్తకం ఖరీదుకు చార్జీలు కూడా కలిపి లెక్కవేయండి. వేరే పనిమీద వెళ్లినప్పుడు కొంటేనే అది చవక. కొనేముందు మొదటి పేజీలు, చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడండి, కుట్టు లాగి చూడండి. చెమ్మ వాసన వచ్చేది, పురుగు తొలిచినది ఇంటికి తేవద్దు. మిగతా పుస్తకాలకూ ఆ పురుగు అంటుకుంటుంది.

ఎరవుకు మరొక మార్గముంది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అంటే గ్రంథాలయంలోని పుస్తకానికి మీరు ముందే డబ్బు కట్టారు! దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో సభ్యత్వం అడగండి. మొగమాటం ఎందుకు?

ఇక కొన్న పుస్తకం. పరుల చేతికి వెళ్లిన పుస్తకం తిరిగి రాదని మన పెద్దలు భయపెట్టారు. పౌలు చెరలో ఉండి తిమోతికి రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయంలో, త్రోయలో కర్పు దగ్గర ఉంచిన అంగీని, పుస్తకాలను తెమ్మన్నాడు. ఎక్కడున్నాయో, ఎవరి దగ్గరున్నాయో ఆయనకు తెలుసు. నాకైతే తెలియదు. నావి మూడు పుస్తకాలు ఎవరింట్లో ఉన్నాయో, ఆనాడు రాసుకోలేదు.

కనుక ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, తేదీ. పుస్తకాలను నేల మీద గాక అటక మీద, ఎండిన వేపాకు వేసి పెట్టండి. కొన్నిటిని ఏటికి దూరంగా, మెరకన ఉన్న బంధువుల ఇంటికి చదువుకోవడానికి ఇచ్చి ఉంచండి. ఏరు మళ్లీ ఊళ్లోకి వస్తే, మీకు మిగిలేవి బహుశా ఆ ఇచ్చినవే.