శీర్షిక ట్యాగ్ ఎంత పొడవుండాలి?

గత భాగంలో వెబ్ పేజీకి హెడ్, బాడీ అనే రెండు భాగాలుంటాయని తెలుసుకున్నారు. హెడ్ భాగంలో రాసే టైటిల్ ట్యాగ్ పేజీ లోపల కనిపించదు. బ్రౌజర్ ట్యాబ్ మీద, సెర్చ్ ఫలితాల్లో నీలిరంగు లింకుగా కనిపిస్తుంది. ఫలితాలు చూసే వ్యక్తి పేజీని తెరవాలా వద్దా అని ఎక్కువగా ఈ ఒక్క వరుసను చూసే నిర్ణయించుకుంటాడు.

1. పరిమితి దేనికి?

టైటిల్ ట్యాగ్ పొడవుకు గూగుల్ ఎలాంటి పరిమితీ విధించలేదు. అయితే ఫలితాల్లో చూపేటప్పుడు పరికరం తెర వెడల్పుకు సరిపోయేంత ఉంచి, మిగిలినది కత్తిరించి చుక్కలు పెడుతుంది. ఇంగ్లీషు శీర్షికలకు 50 నుంచి 60 అక్షరాలు అని తరచుగా చెప్పే లెక్క ఇలా వచ్చిన అంచనాయే తప్ప నియమం కాదు. అసలు కొలత అక్షరాల సంఖ్య కాదు, అవి ఆక్రమించే వెడల్పు.

2. తెలుగులో లెక్క ఎందుకు తప్పుతుంది?

కంప్యూటర్ లెక్కించేది యూనికోడ్ సంకేతాలను. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిసి 6 సంకేతాలు. ‘విశ్వవిద్యాలయం’లో మనం 6 అక్షరాలు చూస్తే కంప్యూటర్ 14 సంకేతాలు లెక్కిస్తుంది. గుణింతపు గుర్తులు, ఒత్తులు చాలావరకు అక్షరానికి పైనా కిందా చేరతాయి కాబట్టి సంకేతాలు పెరిగినంతగా వెడల్పు పెరగదు. పైగా ‘ర’ సన్నం, ‘ఝ’ వెడల్పు. అందువల్ల ఇంగ్లీషు లెక్కను తెలుగుకు యథాతథంగా వాడకండి. శీర్షికను ఫోన్ తెర మీద చూసి నిర్ణయించుకోండి.

3. ముఖ్యమైన మాట ఎక్కడ ఉండాలి?

తెలుగులో విశేషణాలు ముందు వచ్చి, అసలు మాట చివర వస్తుంది. ఈ శీర్షిక చూడండి:

“దూరవిద్య విభాగం విద్యార్థుల డిగ్రీ మూడో సెమిస్టర్ పరీక్ష ఫీజు చెల్లింపునకు చివరి తేదీ”

ఇది కత్తిరింపునకు గురైతే ముందుగా పోయేది ‘చివరి తేదీ’. విద్యార్థి వెతుకుతున్నది దానికోసమే. అది కనబడక పేజీ తెరవకపోతే గడువు దాటిపోవచ్చు. అదే విషయాన్ని ఇలా మార్చవచ్చు:

“పరీక్ష ఫీజు చివరి తేదీ: డిగ్రీ మూడో సెమిస్టర్”

ఇప్పుడు చివర తెగినా అర్థం మిగులుతుంది. ‘స్వాగతం’, ‘హోమ్ పేజీ’ వంటి మాటలతో మొదలుపెట్టకండి. సంస్థ పేరు చివర ఉంచండి. ప్రతి పేజీకి వేరే శీర్షిక ఇవ్వండి.

4. గూగుల్ శీర్షికను మార్చడం

మీరు రాసిన శీర్షికే ఎప్పుడూ కనిపిస్తుందని అనుకోవద్దు. అది మరీ పొడవుగా ఉన్నా, ఒకే మాట పదేపదే వచ్చినా, పేజీలోని విషయానికి పొసగకపోయినా గూగుల్ పేజీలోని పెద్ద శీర్షిక వంటి వాటినుంచి వేరే వరుస తీసుకుని చూపవచ్చు. ఈ పద్ధతిని 2021 ఆగస్టులో మరింత విస్తృతం చేసింది. పేజీలో ఉన్న విషయాన్ని ఉన్నట్లు, క్లుప్తంగా చెప్పే శీర్షికను మార్చవలసిన అవసరం తక్కువ.

సారాంశం

టైటిల్ ట్యాగ్‌కు నిర్ణీత పొడవు లేదు. కనిపించే వెడల్పుకే హద్దు ఉంది. తెలుగు శీర్షికలో అసలు మాటను ముందుకు తేవడం, అక్షరాలు లెక్కపెట్టడం కంటే ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘విద్యార్థి’ అనే మాటలో మనకు కనిపించే అక్షరాలెన్ని? యూనికోడ్ సంకేతాలెన్ని?
2. మీ ఊరి గ్రంథాలయం పనివేళలు తెలిపే పేజీకి శీర్షిక రాయండి. చివరి రెండు మాటలు తొలగించినా అర్థమవుతుందా?