బడ్జెట్ విమానంలో పసివారితో దూర ప్రయాణం: ఖర్చును, భద్రతను నిర్ణయించేది రెండో పుట్టినరోజే

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తర్వాతి దశాబ్దాలలో ఉక్కు, సిమెంటు పరిశ్రమలలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు భిలాయిలోను, దానిని ఆనుకుని ఉన్న జాముల్‌లోను స్థిరపడ్డాయి. అక్కడ పెరిగిన పిల్లలు ఇప్పుడు హైదరాబాద్, బెంగళూరు, సింగపూర్, ఆస్ట్రేలియాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. తాతయ్య, నాన్నమ్మల ఇల్లు జాముల్‌లో ఉంటే, మనవడు వేల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు.

ఈ దూరాన్ని తక్కువ ఖర్చుతో దాటించేవి బడ్జెట్ విమానాలు. జాముల్‌కు సమీపంలోని పెద్ద విమానాశ్రయం రాయ్‌పూర్‌లోని స్వామి వివేకానంద విమానాశ్రయం. కొందరు దుర్గ్ నుంచి రైలులో విశాఖపట్నం చేరి, అక్కడి నుంచి స్కూట్ సంస్థ విమానంలో సింగపూర్ వెళతారు. 2024 సెప్టెంబర్‌లో దుర్గ్-విశాఖపట్నం వందే భారత్ రైలు మొదలయ్యాక ఈ మార్గంలో పగటిపూట సుమారు ఎనిమిది గంటల ప్రయాణం సాధ్యమైంది.

అయితే పసివారు వెంట ఉన్నప్పుడు టికెట్‌పై కనిపించే ధర ఒక్కటే లెక్క కాదు.

రెండేళ్లు నిండితే సొంత సీటు

రైలులో ఐదేళ్లలోపు పిల్లలకు ప్రత్యేక సీటు లేదా బెర్తు కోరకపోతే టికెట్ అక్కరలేదు. విమానంలో ఆ హద్దు రెండేళ్లే. రెండేళ్లు నిండని శిశువు పెద్దల ఒడిలో ప్రయాణించవచ్చు. అందుకు విమానయాన సంస్థలు సాధారణంగా ఒక నిర్ణీత రుసుము తీసుకుంటాయి. రెండేళ్లు నిండిన బిడ్డకు సీటు కొనక తప్పదు. బడ్జెట్ సంస్థలలో ఆ ధర పెద్దల టికెట్‌కు దాదాపు సమానంగా ఉండవచ్చు.

ఇక్కడ లెక్కకు వచ్చేది టికెట్ కొన్న తేదీ కాదు, ప్రయాణం చేసే తేదీ. ఇరవై మూడు నెలల బిడ్డ వెళ్లేటప్పుడు ఒడిలో కూర్చోవచ్చు. నెలన్నర తర్వాత తిరుగు ప్రయాణానికి మాత్రం సీటు కావాలి. ఈ సంగతి విమానాశ్రయంలో తెలిస్తే, ఆనాటి ధరకే సీటు కొనవలసి వస్తుంది. వయసు రుజువుకు దేశీయ ప్రయాణంలోనూ జనన ధ్రువీకరణ పత్రం దగ్గర ఉండాలి. విదేశీ ప్రయాణానికి పసిబిడ్డకు కూడా విడిగా పాస్‌పోర్టు అవసరం.

ఒడి ఎంత భద్రం?

1989 జులై 19న అమెరికాలోని సూ సిటీలో యునైటెడ్ 232 విమానం అత్యవసరంగా దిగుతూ కూలిపోయింది. అప్పటి పద్ధతి ప్రకారం, ఒడిలోని పసివారిని నేలపై ఉంచి పట్టుకోవాలని సిబ్బంది తల్లిదండ్రులకు చెప్పారు. ఆ పసివారిలో ఒక బాలుడు మరణించాడు. ప్రతి బిడ్డకూ సొంత సీటు, రక్షణ పట్టీ ఉండాలని అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఆ తర్వాత సిఫారసు చేసింది. అయితే సీటు తప్పనిసరి చేస్తే ఖర్చు భరించలేని కుటుంబాలు కారులో బయలుదేరతాయని, రోడ్డుపై ప్రమాదం మరింత ఎక్కువని విమానయాన నియంత్రణ సంస్థ 2005లో ఆ ప్రతిపాదనను పక్కన పెట్టింది.

విమానం ఒక్కసారిగా కుదుపుకు లోనైతే చేతులతో బిడ్డను పట్టి ఉంచడం కష్టం. అందువల్ల స్తోమత ఉన్నవారికి, ముఖ్యంగా రాత్రంతా సాగే ప్రయాణంలో, సీటుతో పాటు విమానాలకు ఆమోదం పొందిన పిల్లల సీటు మేలు. ఏ రకం సీటును అనుమతిస్తారో సంస్థను ముందుగా అడగాలి. ఒడిలోనే కూర్చోబెడితే సిబ్బంది ఇచ్చే శిశువు బెల్టును పెట్టించుకోవాలి. పెద్దవారి బెల్టులోనే బిడ్డనూ కలిపి బిగించకూడదు.

టికెట్‌లో కలవని ఖర్చులు

బడ్జెట్ విమానంలో భోజనం, సీటు ఎంపిక, సామాను వేర్వేరు అమ్మకాలు. సింగపూర్ వంటి విదేశీ మార్గాలలో అతి తక్కువ ధర టికెట్‌కు చేతి సామాను మాత్రమే ఉండవచ్చు. అదనపు బరువుకు ముందుగా ఆన్‌లైన్‌లో చెల్లించడం కంటే విమానాశ్రయంలో చెల్లించేది ఎక్కువ. ఒడిలోని శిశువుకు సామాను పరిమితి ఉంటుందో లేదో చూసుకోవాలి. ఉయ్యాల తొట్టి చాలా బడ్జెట్ విమానాలలో దొరకదు.

సీటు ఎంపికకు డబ్బు కట్టకపోతే బిడ్డను వేరే వరుసలో కూర్చోబెడతారేమోనన్న భయం దేశీయ విమానాలలో అక్కరలేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు, అదే బుకింగ్‌లో ఉన్న తల్లిదండ్రులలో లేదా సంరక్షకులలో కనీసం ఒకరి పక్కన సీటు కేటాయించాలని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) 2024 ఏప్రిల్‌లో ఆదేశించింది. అందుకే కుటుంబమంతా ఒకే బుకింగ్‌లో ఉండటం ముఖ్యం.

రెండు టికెట్ల చిక్కు

చౌకగా వస్తుందని రెండు సంస్థల టికెట్లు విడివిడిగా కొంటే, మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండో సంస్థకు బాధ్యత ఉండదు. మధ్యలో సామాను తీసుకుని మళ్లీ అప్పగించవలసి వస్తే ఆ దేశంలోకి ప్రవేశించాలి, అందుకు వీసా అవసరం కావచ్చు. నిద్రలో ఉన్న బిడ్డతో ఈ పని మరింత కష్టం. రైలు దిగి విమానం ఎక్కేవారు కూడా రెండింటి మధ్య చాలినంత వ్యవధి ఉంచుకోవాలి.

దేశీయ విమానం ఆలస్యమైతే కొన్ని హక్కులు ఉన్నాయి. రెండున్నర గంటలలోపు ప్రయాణమైతే, రెండు గంటల ఆలస్యానికే ఆహారం, పానీయాలు ఇవ్వాలి. ఆలస్యం ఆరు గంటలు దాటేటట్లయితే మరో విమానం లేదా పూర్తి డబ్బు వాపసు కోరవచ్చు. అయినా పసివారి ఆకలి నిబంధనల కోసం ఆగదు. ప్రయాణానికి చాలినంత పాలు, ఆహారం తనిఖీ దాటి తీసుకువెళ్లవచ్చు. తనిఖీ సిబ్బందికి వాటిని విడిగా చూపాలి.

చెవి నొప్పి ఎందుకు?

విమానం దిగేటప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. చెవిని గొంతుతో కలిపే సన్నని నాళం పసివారిలో త్వరగా తెరుచుకోదు. అందుకే వారికి నొప్పి, ఏడుపు. పాలు పట్టడం, నీరు గుక్కలుగా తాగించడం ఆ నాళాన్ని తెరుస్తాయి. విమానం దిగడం నేలను తాకడానికి దాదాపు అరగంట ముందే మొదలవుతుంది కాబట్టి, పాలసీసాను అప్పటికి సిద్ధంగా ఉంచాలి. జలుబు, చెవి వ్యాధి ఉంటే ముందుగా వైద్యుని కలవాలి. నిద్ర కోసం మందు వేయడం మంచిది కాదు. కొందరు పిల్లలలో అది నిద్రకు బదులు చిరాకును పెంచుతుంది.

టికెట్ కొనేముందు బిడ్డ పుట్టినరోజును, తిరుగు ప్రయాణ తేదీని పక్కపక్కన పెట్టి చూడాలి. సీటు, సామాను, ఆహారం కలిపి లెక్క వేయాలి. అప్పటికీ ధర తక్కువగానే ఉంటే ఆ విమానం నిజంగా చౌక. లేకపోతే ఒకే టికెట్‌పై భోజనం, సామాను కలిపి ఇచ్చే సాధారణ విమానమే జాముల్‌లో ఎదురుచూసే తాతయ్య, నాన్నమ్మల దగ్గరకు బిడ్డను తక్కువ ఇబ్బందితో చేర్చవచ్చు.