పాత డెక్కుకు కొత్త స్పీకరు

మన ఊళ్ళల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ళల్లో పాత టేప్ డెక్కు ఉంటుంది. దాని పక్కన రెండు స్పీకరు బాక్సులు ఉంటాయి. ఈ రోజుల్లో పాటలు ఫోనులోనే వింటున్నాం. కానీ పాత క్యాసెట్లు వినాలంటే డెక్కే కావాలి. కొందరి దగ్గర తాత పాడిన తత్వాలు, నాయనమ్మ చెప్పిన కథలు ఉన్న క్యాసెట్లు ఉంటాయి. అవి ఏ బజారులోనూ దొరకవు.

అలాంటి సెట్టు గరగరమంటే ఏం చేస్తాం? "ఇంక పనికిరాదు" అని పాత సామాన్ల వాడికి వేసేస్తాం. తొందరపడకండి. చాలాసార్లు పాడయ్యేది స్పీకరు మాత్రమే. దాన్ని మార్చుకోవచ్చు. అయితే సరిపడని స్పీకరు పెడితే సెట్టే కాలిపోవచ్చు. పాత సెట్టుకు పార్టులు దొరకడం కష్టం. కాబట్టి స్పీకరు వెనక ఏం రాసి ఉందో చదవడం నేర్చుకుందాం.

స్పీకరు ఎలా పలుకుతుంది?

డప్పు మీద కొడితే చర్మం అదురుతుంది. అప్పుడు శబ్దం వస్తుంది. స్పీకరు కూడా అంతే. స్పీకరులో కాగితపు గరాటు ఉంటుంది. దాని వెనక సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది. చుట్టూ అయస్కాంతం ఉంటుంది. సెట్టు నుంచి చుట్టలోకి కరెంటు వస్తుంది. అప్పుడు చుట్ట ముందుకీ వెనక్కీ కదులుతుంది. దానితోపాటు గరాటు అదురుతుంది. మనకు పాట వినిపిస్తుంది. ఈ రకం స్పీకరును 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు బాగా కుదిర్చారు. ఈనాటి స్పీకర్లు చాలావరకు ఆ పద్ధతివే.

తప్పు ఎక్కడుంది?

ముందు స్పీకరే పాడయిందా, కాదా చూడాలి. సెట్టు ఆపండి. ప్లగ్గు తీయండి. కుడి స్పీకరు తీగలు ఎడమ వైపు, ఎడమ స్పీకరు తీగలు కుడి వైపు కలపండి. మళ్ళీ పాట పెట్టండి. మొదట పలకని స్పీకరు ఇప్పుడూ పలకలేదా? అయితే తప్పు ఆ స్పీకరులోనో, దాని తీగలోనో ఉంది. ఇప్పుడు రెండో స్పీకరు మూగబోయిందా? అయితే తప్పు సెట్టులో ఉంది. మెకానిక్కు చూపించండి.

తీగ తెగి ఉంటే అది మారిస్తే చాలు. తీగ బాగుంటే స్పీకరును విప్పి చూడండి. గరాటును ఎలుక కొరికి ఉండవచ్చు. చిన్న చిరుగైతే పలచని కాగితం, జిగురుతో అతికించవచ్చు. కొన్ని స్పీకర్లకు అంచున స్పాంజి ఉంటుంది. ఏళ్ళు గడిస్తే అది పొడిపొడి అవుతుంది. తీగచుట్ట కాలితే శబ్దమే రాదు. టార్చి బ్యాటరీని రెండు చిన్న తీగలతో స్పీకరుకు ఒక్క క్షణం తాకించండి. టక్‌మంటే చుట్ట తెగలేదు. ఏమీ వినిపించకపోతే చుట్ట పోయినట్టే.

వెనక రాసిన రెండు అంకెలు

స్పీకరు వెనక అయస్కాంతం మీద చూడండి. రెండు అంకెలు కనిపిస్తాయి.

మొదటిది ఓములు. సామాన్యంగా 4 లేక 8 అని ఉంటుంది. అంకె పక్కన గుర్రపు లాడం లాంటి గుర్తు ఉంటుంది. కరెంటుకు స్పీకరు ఎంత అడ్డు నిలుస్తుందో ఈ అంకె చెబుతుంది. తూము వెడల్పు చేస్తే నీళ్ళు ఎక్కువ పోతాయి కదా! ఓములు తగ్గినా అంతే. కరెంటు ఎక్కువ పోతుంది. 8 ఓముల సెట్టుకు 4 ఓముల స్పీకరు పెడితే సెట్టు మీద భారం రెట్టింపు అవుతుంది. సెట్టు వేడెక్కుతుంది. సౌండు పెంచితే కాలిపోవచ్చు. సెట్టు వెనక తీగలు కలిపేచోట కూడా చాలావాటికి ఓములు రాసి ఉంటాయి. రెండూ సరిచూసుకోండి.

రెండోది వాట్లు. స్పీకరు ఎంత బలం తట్టుకుంటుందో ఇది చెబుతుంది. కొత్త స్పీకరు వాట్లు పాతదానికి సమానంగా ఉండాలి. ఎక్కువ ఉన్నా నష్టం లేదు. తక్కువ ఉండకూడదు. తక్కువైతే స్పీకరు కాలుతుంది. "వాట్లు ఎక్కువైతే మోత ఎక్కువ" అని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. 10 వాట్ల సెట్టుకు 100 వాట్ల స్పీకరు పెట్టినా, సెట్టు ఇచ్చేది 10 వాట్లే.

ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. స్పీకరు అడ్డంగా ఎన్ని అంగుళాలుందో కొలిచి రాయండి. షాపులో "అన్నా, 8 ఓములు, 20 వాట్లు, 6 అంగుళాల స్పీకరు కావాలి" అని ఇలా అడగండి. ఇచ్చిన స్పీకరును తిప్పి, మీరే చదివి తీసుకోండి. వీలైతే రెండూ ఒకే రకానివి కొనండి.

బిగించేటప్పుడు

స్క్రూడ్రైవరు గట్టిగా పట్టుకోండి. అయస్కాంతం దాన్ని లాక్కుంటుంది. జారితే కొత్త గరాటుకు గుచ్చుకుంటుంది.

స్పీకరు మీద ఒక తీగ చోట ఎర్ర చుక్క గానీ, కూడిక గుర్తు గానీ ఉంటుంది. సెట్టు మీది ఎర్ర చోటు నుంచి వచ్చే తీగ దానికే కలపాలి. ఒక బాక్సుకు తిరగేసి కలిపితే ఒక గరాటు ముందుకు, ఇంకోటి వెనక్కి పోతాయి. అప్పుడు డోలు దరువు పలచబడుతుంది.

బాక్సులో ఇంకో చిన్న స్పీకరు ఉంటే, దాని తీగలో చిన్న డబ్బా లాంటి పార్టు ఉండవచ్చు. దాన్ని తీసేయకండి. అదే చిన్న స్పీకరును కాపాడుతుంది.

గుర్తుంచుకోండి

ప్లగ్గు తీయకుండా ఏ తీగా ముట్టుకోవద్దు.

విప్పేది స్పీకరు బాక్సు మాత్రమే. సెట్టు విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపల కొన్ని పార్టుల్లో కరెంటు నిలవ ఉంటుంది. స్పీకరు సెట్టు లోపలే ఉంటే మెకానిక్కే మార్చాలి.

ఓములు సమానంగా ఉండాలి. వాట్లు సమానంగా గానీ, ఎక్కువగా గానీ ఉండాలి.

మీ ఇంట్లో స్పీకరు ఉందా? దాని వెనక చూడండి. ఎన్ని ఓములు? ఎన్ని వాట్లు? చదివి మీ నోటు పుస్తకంలో రాయండి.